ఆ అడవి కంటే ఆ ఇల్లే పాతది

1953లో అమెరికాలోని టెనెసీ కొండల్లోంచి ఇద్దరు అక్కచెల్లెళ్లు గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్కు సూపరింటెండెంటుకు ఒక ఉత్తరం రాశారు. హైవే 73 మీద తమ ఇంటి గురించి పెట్టిన బోర్డు దయచేసి తీసేయించమని అందులో అడిగారు. ఒకరికి 82 ఏళ్లు, ఇంకొకరికి 70. ఇంతమంది వచ్చిపోతుంటే ఇంటిపని చేసుకోలేకపోతున్నామని చెప్పుకున్నారు. అమ్మడానికి పెట్టే చిన్న చిన్న వస్తువులు ఇదివరకటిలా చేయలేకపోతున్నామని, వచ్చినవాళ్లేమో అవి ఉంటాయని ఎదురుచూస్తారని కూడా రాశారు. పెద్దావిడ మార్గరెట్ వాకర్, చిన్నావిడ లూయీసా వాకర్.

స్మోకీ కొండల గురించి ఏ పుస్తకం, ఏ వీడియో చూసినా ఈ వాకర్ అక్కచెల్లెళ్లు కనిపిస్తారు. వాళ్ల కథను దాదాపు అందరూ ఒకే తీరులో చెబుతారు. కరెంటు వద్దనుకుని, కారు వద్దనుకుని, లోకం ఎటు పోయినా పట్టించుకోకుండా అడవి మధ్య దుంగల ఇంట్లో బతికిన మొండి ఆడవాళ్లని. 1946 ఏప్రిల్‌లో శాటర్డే ఈవెనింగ్ పోస్ట్ పత్రిక వాళ్ల మీద పెద్ద వ్యాసం వేసింది. స్మోకీ కొండల్లో కాలం ఆగిపోయిందని దాని శీర్షిక. ఆ మాట అప్పటినుంచీ ఆ ఇంటిని వదల్లేదు.

నాకు ఆ మాట మీదే అభ్యంతరం. ఆ ఇంట్లో కాలం ఎప్పుడూ ఆగలేదు. ఆ కుటుంబానికి జరిగినవన్నీ తేదీలతో సహా చెప్పగలిగిన సంగతులే. ఒక యుద్ధం, ఒక వీలునామా, ఒక చెట్ల తెగులు, ఒక కలప కంపెనీ, ఒక ప్రభుత్వ కొనుగోలు. వీటన్నిటినీ పక్కకు నెట్టి, ముసలమ్మల మొండితనాన్ని మాత్రమే మిగిల్చి చెబితే వినడానికి కథ ముచ్చటగానే ఉంటుంది. కానీ అందులో వాళ్లు ఉండరు.

ముందు ఇంటి సంగతి. పార్కు అంచున ఉన్న గాట్లిన్‌బర్గ్ పట్టణం నుంచి లిటిల్ రివర్ పక్కగా వెళ్తే మెట్‌కాఫ్ బాటమ్స్ అనే పిక్నిక్ స్థలం వస్తుంది. అక్కడికి దగ్గర్లో లిటిల్ గ్రీన్‌బ్రయర్ అనే చిన్న లోయ ఉంది. అందులో 1882 నాటి దుంగల బడి ఒకటి ఇప్పటికీ నిలబడి ఉంది. ఊరివాళ్లు కూడి కట్టుకున్న బడి అది. కట్టినవాళ్లలో ఈ అక్కచెల్లెళ్ల తండ్రి జాన్ వాకర్ ఒకడు. వారంలో బడి, ఆదివారం అదే చర్చి. 1930ల మధ్యదాకా అక్కడ పాఠాలు చెప్పారు. బడి దగ్గర్నుంచి మైలుకు కాస్త ఎక్కువ దూరం నడిస్తే వాకర్ల ఇల్లు వస్తుంది. గొడ్డలితో పలకలుగా చెక్కిన దుంగలు, వాటి సందుల్లో మట్టి, రాతి పొగగొట్టం, పైన అటక. పెద్ద గది ఉన్న భాగాన్ని జాన్ భార్య మార్గరెట్ జేన్ పుట్టింటివాళ్లు, అంటే కింగ్ కుటుంబం, అంతర్యుద్ధానికి ముందే మొదలుపెట్టారు. వంటిల్లు మాత్రం వేరే చోట ఉన్న ఇంకో ఇంటిది. దాన్ని విప్పి తెచ్చి ఇక్కడ జతచేశారు. ఇల్లు ఒక్కసారిగా పుట్టలేదన్నమాట. అవసరం కొద్దీ పెరుగుతూ వచ్చింది.

జాన్ వాకర్ అంతర్యుద్ధంలో ఉత్తరాది ప్రభుత్వం తరఫున పోరాడాడు. టెనెసీ రాష్ట్రం దక్షిణాదితో కలిసినా, దాని తూర్పు కొండల్లో చాలామంది ఉత్తరాది పక్షమే ఉన్నారు. యుద్ధంలో శత్రువులకు చిక్కి ఖైదీగా ఉండి, బయటపడి వచ్చి 1866లో మార్గరెట్ జేన్‌ని పెళ్లి చేసుకున్నాడు. వాళ్లకు పదకొండుమంది పిల్లలు. ఏడుగురు ఆడపిల్లలు, నలుగురు మగపిల్లలు. పదకొండుమందీ పెరిగి పెద్దవాళ్లయ్యారు. ఆ కాలంలో, డాక్టర్లు అందని ఆ కొండల్లో, ఇది మామూలు విషయం కాదు. తల్లి మార్గరెట్ జేన్‌కి మూలికల వైద్యం తెలుసు, పురుళ్లు పోయడం తెలుసు. ఇంటి గొప్పతనం గురించి మాట్లాడేవాళ్లు దుంగల కూర్పు దగ్గర ఆగిపోతారు. నాకైతే పదకొండు కాన్పుల్లో ఒక్క బిడ్డా పోకుండా కాపాడుకున్న తల్లి చదువే ఆ ఇంటి అసలు పనితనం అనిపిస్తుంది.

తండ్రి చేతిపని కూడా తక్కువది కాదు. పత్తిలోంచి గింజ తీయడానికి చేత్తో తిప్పే చిన్న యంత్రం చేశాడు, కమ్మరి కొలిమి పెట్టాడు, ఆపిల్ తోట వేశాడు. పొలంలో గొర్రెలు, పందులు, కోళ్లు. మొక్కజొన్న, కూరగాయలు, పత్తి పండించేవాళ్లు. ఉన్ని కత్తిరించి, వడికి, రంగు వేసి, మగ్గం మీద బట్ట నేసేది ఆడపిల్లలే. పంచదార, కాఫీ, ఉప్పు, సోడా తప్ప మిగతావన్నీ ఈ నేలే ఇస్తుందని వాళ్లు అనేవారని అందరూ చెప్పుకుంటారు. గోడల సందుల్లోంచి చలిగాలి రాకుండా లోపలివైపు పత్రికల కాగితాలు అంటించుకునేవాళ్లు. లోకంతో సంబంధం లేనివాళ్ల ఇంటి గోడల నిండా పత్రికలెలా ఉంటాయి?

ఇప్పుడు నేను అన్నిటికంటే ముఖ్యం అనుకునే విషయం. ఏడుగురు అక్కచెల్లెళ్లలో కెరొలిన్ ఒక్కతే పెళ్లి చేసుకుంది. మార్గరెట్, పాలీ, మార్తా, నాన్సీ, లూయీసా, హెటీ పుట్టింట్లోనే ఉండిపోయారు. తల్లి 1909లో, తండ్రి 1921లో పోయారు. తండ్రి ఆ పొలాన్ని ఇంట్లో ఉన్న కూతుళ్లకీ, జైల్స్ అనే కొడుక్కీ రాశాడు. జైల్స్ తన వాటా అక్కచెల్లెళ్లకే రాసిచ్చేశాడు. అమెరికాలో ఆడవాళ్లకు దేశమంతటా ఓటు హక్కు వచ్చింది 1920లో. ఆ మరుసటి ఏడే ఈ కొండమూల పెళ్లికాని ఆడవాళ్ల పేరు మీద దాదాపు 122 ఎకరాల పట్టా వచ్చింది. తర్వాత జరిగిన ప్రతిదానికీ ఈ పట్టాయే ఆధారం. వాళ్లు పార్కుతో మాట్లాడగలిగారంటే, బేరం ఆడగలిగారంటే, ఆఖరుదాకా ఆ ఇంట్లో ఉండగలిగారంటే అందుకు కారణం మొండితనం ఒక్కటే కాదు. భూమి వాళ్లది. అదే కొండల్లో కౌలుకు చేసుకునే కుటుంబాలు ఎన్నో ఉండేవి. పార్కు కోసం యజమాని పొలం అమ్మినప్పుడు వాళ్ల చేతికి ఏమీ రాలేదు. ఎంత మొండిగా ఉన్నా ఫలితం ఉండేది కాదు. వాళ్ల ఇళ్లను చూడటానికి ఇవాళ ఎవరూ వెళ్లడం లేదు.

ఇక పార్కు. పశ్చిమ అమెరికాలోని పెద్ద పార్కులు చాలావరకు ప్రభుత్వ భూముల్లో వచ్చాయి. స్మోకీస్‌లో అలాంటి భూమి లేదు, అంతా ఎవరో ఒకరిదే. ఎక్కువ భాగం కలప, కాగితం కంపెనీలది. మిగిలింది వేలకొద్దీ చిన్న చిన్న పొలాలు, స్థలాలు. 1926లో కాంగ్రెస్ అనుమతి ఇచ్చింది. టెనెసీ, నార్త్ కరొలినా రాష్ట్రాలు డబ్బు పెట్టాయి, బడిపిల్లలు చిల్లర పైసలు పోగుచేశారు, కోటీశ్వరుడు రాక్‌ఫెల్లర్ తన తల్లి పేరు మీద 50 లక్షల డాలర్లు ఇచ్చాడు. అమ్మనన్నవాళ్ల మీద రాష్ట్రం కోర్టుకు వెళ్లి భూమి తీసుకునే అధికారం వాడింది. పక్కనే ఉన్న కేడ్స్ కోవ్ అనే లోయలో జాన్ ఒలివర్ అనే రైతు టెనెసీ సుప్రీంకోర్టు దాకా పోరాడి, చివరికి ఓడి 1937లో ఊరు వదిలాడు. ఆయన ముత్తాత కట్టిన దుంగల ఇల్లు మాత్రం ఇప్పుడు కేడ్స్ కోవ్‌లో అందరూ మొదట ఆగి ఫొటో దిగే చోటు.

వాకర్ అక్కచెల్లెళ్లు 1940 దాకా అమ్మలేదు. ఆ సెప్టెంబరు 2న ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ న్యూఫౌండ్ గ్యాప్ అనే కనుమ దగ్గర నిలబడి పార్కును జాతికి అంకితం చేసినప్పటికీ ఆ లోయలోని ఆ ముక్క ఇంకా వాళ్లదే. కోర్టు కేసు భయం తలమీద ఉండగా చివరికి ఒప్పుకున్నారు. 4,750 డాలర్లు, బతికున్నంతకాలం ఇంట్లో ఉండే హక్కు. ఎకరానికి 39 డాలర్లకు కాస్త తక్కువ. నాన్సీ 1931లోనే పోయింది. మిగిలింది అయిదుగురు.

ధర తక్కువా ఎక్కువా అన్నదానికంటే షరతులు చూడాలి. వేట మీద, చేపలు పట్టడం మీద, కట్టెలు కొట్టడం మీద, పశువులు మేపుకోవడం మీద ఆంక్షలు వచ్చాయి. పేరుకు ఇల్లు వాళ్లకే ఉంది. కానీ ఆ ఇల్లు నడిచేదే ఆ పనుల మీద. మేత లేకపోతే గొర్రె ఉండదు, గొర్రె లేకపోతే ఉన్ని లేదు, మగ్గం ఖాళీ. దానికి తోడు చెస్ట్‌నట్ చెట్లకు తెగులు తగిలి అవి అప్పటికే ఎండిపోతున్నాయి. కొండవాళ్ల పందులకు మేత ఆ గింజలే, సంతలో నాలుగు డబ్బులు తెచ్చేవీ అవే. అప్పుడు ఆ ఆడవాళ్లు ఏం చేశారో చూడండి. సందర్శకులకు స్వాగతం అని బోర్డు పెట్టారు. లేసు అల్లికలు, పిల్లల బొమ్మలు, నూనెలో వేయించిన ఆపిల్ పైలు అమ్మారు. లూయీసా కవితలు రాసి, ఆ కాగితాలు కూడా అమ్మింది. పత్రికలో వ్యాసం వచ్చాక జనం ఇంకా పెరిగారు. దీన్ని వెనకటి కాలం వేడుకగా చూసేవాళ్లకి నేను చెప్పేది ఇదే. బతుకుదెరువుకు దారులు మూసుకుపోతే, అరవై డెబ్భై ఏళ్ల వయసులో కొత్త వ్యాపారం మొదలుపెట్టినవాళ్లు వీళ్లు. తాము బతికిన తీరునే సరుకుగా మార్చుకున్నారు. కాలం ఆగిపోయినవాళ్లు చేసే పని కాదు అది.

అదే లోయకి కాస్త పైన ఏం జరిగిందో దీని పక్కన పెట్టి పోల్చి చూస్తే మనసు ఇంకా కలుక్కుమంటుంది. లిటిల్ రివర్ లంబర్ కంపెనీ దగ్గర 76,000 ఎకరాలకు పైగా పార్కు కోసం కొన్నారు. అమ్మేటప్పుడే ఆ కంపెనీ ఇంకో 15 ఏళ్లు చెట్లు నరుక్కునే హక్కు ఉంచుకుంది. 1930ల చివరిదాకా నరికింది కూడా. కంపెనీ నరకడం మానిన కొద్దికాలానికే, పొయ్యిలోకి కట్టెలు కొట్టుకునే విషయంలో అయిదుగురు ఆడవాళ్ల మీద ఆంక్ష పెట్టారు. అక్కడే ఎల్క్‌మాంట్ అనే చోట నాక్స్‌విల్ నగరంలోని డబ్బున్నవాళ్ల వేసవి ఇళ్లు ఉండేవి. వాళ్లూ తక్కువ ధరకు ఒప్పుకుని జీవితకాల లీజులు తీసుకున్నారు. 1952లో వాటిని ఇరవై ఏళ్ల లీజులుగా మార్పించుకున్నారు. 1972లో మళ్లీ పొడిగింపు వచ్చింది. చాలావరకు 1992 దాకా నడిచాయి. సెలవులు గడపడానికి కట్టుకున్న ఇళ్లకు అర్ధశతాబ్దం దొరికింది. పుట్టి పెరిగిన ఊళ్లకు ఆ గడువు దొరకలేదు. పైరవీ ఉన్నవాడికీ లేనివాడికీ తేడా ఏ దేశంలోనైనా ఇలాగే ఉంటుందేమో.

పార్కు వద్దు అని నేను అనడం లేదు. స్మోకీస్ కొండల్లో చాలా భాగాన్ని కంపెనీలు అప్పటికే బోడి చేసేశాయి. వాగులు మట్టితో నిండి, కొట్టేసిన కొమ్మలకు మంటలు అంటుకుని కొండలు కాలిపోయిన రోజులవి. పార్కు రాకపోతే ఇవాళ ఏటా కోటి మందికి పైగా చూసే ఆ అడవి ఉండేది కాదు. నేను ఉండేది నార్త్ కరొలినాలోని షార్లెట్‌లో. ఎండాకాలంలో పిల్లల్ని తీసుకుని వెళ్లేది, అక్టోబరులో ఆకులు రంగులు మారేటప్పుడు వెళ్లేది అక్కడికే. ఆ వీకెండ్లలో గాట్లిన్‌బర్గ్ వీధుల్లో ఎక్కడ చూసినా తెలుగు వినిపిస్తుంది. ఆ మేలు అనుభవిస్తున్నవాడిగానే అంటున్నాను, మన ఆనందం కోసం ఎవరు ఊరు వదిలారో తెలుసుకోవడం మన బాధ్యత. అది కృతజ్ఞతలో భాగం.

మా అమ్మమ్మ వాళ్లది కర్నూలు వైపు, శ్రీశైలం జలాశయంలో మునిగిన ఊరు. అందుకే నాకు ఇది పరాయి విషయంలా అనిపించదేమో. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో మళ్లీ కట్టారు. మంచి పని. కానీ గుడితోపాటు కదిలిపోయిన ఇళ్ల లెక్క అడిగేవాళ్లు ఎంతమంది? కట్టడాన్ని కాపాడితే మనుషుల్ని కూడా కాపాడినట్టే అనుకునే తృప్తి ఒకటి ఉంది. అది ప్రమాదం.

ఇప్పుడు వాకర్ల ఇంటికి నడిచి వెళ్లేవాళ్లకు కనిపించేది ఏమిటి? చుట్టూ ఎత్తైన చెట్లు, మధ్యలో చిన్న ఖాళీ, అందులో ఇల్లు, నీళ్ల ఊట మీద కట్టిన చిన్న గది, మొక్కజొన్న కొట్టు. అంతే. అబ్బ, ఇంత అడవిలో ఎలా బతికారో అని అందరూ అంటారు. నేను వెళ్లినప్పుడు మా పక్కనే నడుస్తున్న ఒక కుటుంబం అచ్చంగా అదే అంది. నిజానికి వాళ్లు ఉన్నప్పుడు అక్కడ ఆ అడవి లేదు. పొలాలు, కంచెలు, ఆపిల్ తోట, పశువుల కొట్టం, పందిమాంసం పొగబెట్టే గది, కొలిమి ఉండేవి. ఇరుగుపొరుగు, బడి, చర్చి, శ్మశానం ఉండేవి. కొండకి అవతల ఎల్క్‌మాంట్‌కి కలప రైలు వచ్చేది. జనాన్ని పంపేశాక, దున్నడం ఆగిపోయాక చెట్లు మొలిచాయి. మనకు ప్రాచీనంగా కనిపించే ఆ ఒంటరితనం ఆ స్థలంలో అన్నిటికంటే కొత్తది. లూయీసా 1964 జూలైలో పోయింది. ఇవాళ ఆ ఇంటిని ఆనుకుని పెరిగిన చెట్లలో చాలావాటి వయసు ఆ ఇంటి వయసులో సగం కూడా ఉండదు.

కేడ్స్ కోవ్‌లో ఇంకో అడుగు ముందుకు వేశారు. అక్కడ పలకలతో కట్టి, రంగులు వేసిన మామూలు ఇళ్లు ఎన్నో ఉండేవి. కిటికీలకు అద్దాలు, వరండాలు ఉన్న ఇరవయ్యో శతాబ్దపు ఇళ్లు. వాటిని పడగొట్టించి, పాతకాలపు దుంగల ఇళ్లు, చర్చిలు, మరలు ఉంచారు. చూసేవాడికి కొండవాళ్లంటే దుంగల ఇల్లే అన్న బొమ్మ మిగలాలి కాబట్టి. ఆ బొమ్మ వల్ల అపలాచియా మనుషులకు, అంటే ఈ కొండ ప్రాంతపు వాళ్లకు, జరిగిన నష్టం చిన్నది కాదు. వెనకబడినవాళ్లు, చదువులేనివాళ్లు అన్న ఎగతాళి వాళ్లను నూరేళ్లుగా వెంటాడుతోంది. వెనకబడ్డట్టు కనిపించని ఇళ్లను తీసేసి, ఆ తర్వాత వెనకబడ్డారని చెప్పుకోవడం అన్యాయం.

వాకర్ల నేలకు కూడా వాళ్లకు ముందు ఒక కథ ఉంది. అది లేకుండా ఇది చెప్పకూడదు. ఆ కొండలన్నీ అక్కడి ఆదివాసులైన చెరోకీలవి. ఒప్పందం మీద ఒప్పందం పెట్టి ఆ నేలను వాళ్ల నుంచి లాక్కున్నారు. 1838లో వేలమందిని సైన్యం కాపలాతో పశ్చిమానికి తరిమింది. దారిలో వేలమంది చచ్చిపోయారు. ఎలాగో నిలబడ్డవాళ్ల సంతతి ఇవాళ కొండకి అవతలివైపు నార్త్ కరొలినాలోని చెరోకీ పట్టణం చుట్టుపక్కల ఉన్నారు. 2024 సెప్టెంబరులో క్లింగ్‌మన్స్ డోమ్ శిఖరానికి వాళ్లు పిలుచుకునే కువోహి అన్న పేరు తిరిగి వచ్చింది. చెరోకీలకు జరిగిన దానితో పోలిస్తే వాకర్లకు దక్కింది చాలా మెరుగని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను. డబ్బు వచ్చింది, ఇంట్లోనే కన్నుమూసే హక్కు వచ్చింది. కానీ పెద్ద అన్యాయం ఉందని చిన్న అన్యాయాన్ని లెక్కలోంచి తీసేయలేం. రెండూ ఆ నేల చరిత్రే.

మరి ఆ ఇంటిని ఏం చేయాలి? 1976లో దాన్ని చారిత్రక కట్టడాల జాతీయ జాబితాలో చేర్చారు. ఇటీవలి సంవత్సరాల్లో పొగగొట్టం, పునాది బలహీనపడితే ఇల్లు మూసి మరమ్మతు చేశారు. అక్కచెల్లెళ్ల వస్తువులు చాలా పార్కు మ్యూజియం భండారంలో భద్రంగా ఉన్నాయి. ఇదంతా అవసరమే. నేను అడిగేది ఇంకొకటి ఉంది. ఇంటి చుట్టూ ఒక రెండెకరాలు తెరిపి చేయాలి. చెట్లు తీసేసి, రాళ్ల కంచె ఆనవాళ్లు కనిపించేలా చేసి, కొంత భాగం గడ్డిమైదానంగా ఉంచాలి. ఇది పార్కుకు తెలియని పని కాదు. కేడ్స్ కోవ్ పొలాల్లోకి అడవి రాకుండా దశాబ్దాలుగా కాపాడుతున్నది వాళ్లే. ఆపిల్ తోట మళ్లీ వేయమంటే ఎలుగుబంట్ల సమస్య వస్తుంది, నిజమే. స్మోకీస్‌లో నల్ల ఎలుగుబంట్లు వెయ్యికి పైగా ఉన్నాయి, పండిన ఆపిల్ వాసన వాటికి మైలు దూరం నుంచి తెలుస్తుంది. తోట వద్దు సరే, తోట ఉన్న చోట హద్దులు గుర్తుపెట్టినా చాలు. కొట్టం ఎక్కడ, కొలిమి ఎక్కడ, పొరుగు ఇళ్లు ఏ దిక్కున ఉండేవో నేల మీద రాళ్లతో చూపించొచ్చు. నడిచి వచ్చినవాడు ఒక ఊరు మధ్య నిలబడ్డానని గ్రహించాలి.

ఇంకో చిన్న కోరిక. ఆ ఇంటి గురించి చెప్పే ప్రతి చోటా అక్కచెల్లెళ్లు పుట్టిన సంవత్సరాలతో పాటు 4,750 డాలర్లు అన్న అంకె, ఏయే పనుల మీద ఆంక్షలు పెట్టారన్న వివరం, 1953 ఉత్తరం పూర్తి పాఠం పెట్టాలి. లూయీసా తమ కొండ ఇంటి మీద రాసిన కవిత కూడా ఉండాలి. పార్కు రావడం గురించి ఆవిడకు ఏమనిపించిందో ఆవిడే రాసుకుంది. మధ్యలో ఇంకొకరి వ్యాఖ్యానం అక్కర్లేదు. ఈ అక్టోబరులో స్మోకీస్‌కి వెళ్లే తెలుగువాళ్లకు చెప్పేది, కేడ్స్ కోవ్ చుట్టూ తిరిగే రోడ్డు మీద కార్ల వరుసలో గంటలు గడిపే బదులు ఒక పూట మెట్‌కాఫ్ బాటమ్స్ దగ్గర కారు ఆపండి. పార్కింగ్ ట్యాగ్ తీసుకోవడం మర్చిపోవద్దు. ముందు బడి చూడండి, ఆ బల్లల మీద కూర్చోండి, పక్కనున్న సమాధుల్లో ఎన్ని పసిపిల్లలవో గమనించండి. ఆ తర్వాత వాకర్ల ఇంటికి నడవండి. పదకొండుమంది పిల్లల్నీ బతికించుకున్న ఇల్లు అది.